నడుస్తున్న యంత్రాన్ని తరలించాలంటే

వర్చువల్ మెషిన్‌ను ఆపకుండా ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి పంపడం ఇవాళ డేటా సెంటర్లలో రోజువారీ పని. గూగుల్ ఇంజనీర్లు 2018లో ప్రచురించిన పరిశోధన పత్రం ప్రకారం అప్పటికే వాళ్ల దగ్గర నెలకు పది లక్షలకు పైగా ఇలాంటి తరలింపులు జరుగుతున్నాయి. పాత సర్వర్‌ను మరమ్మతుకు తీయాలన్నా, వర్చువల్ మెషిన్లను నడిపే హైపర్‌వైజర్‌లో భద్రతా లోపాన్ని సరిచేయాలన్నా, వేడెక్కిన ర్యాక్ మీద బరువు తగ్గించాలన్నా ఇదే మార్గం. లోపల నడిచే బ్యాంకు సాఫ్ట్‌వేర్‌కు తన కింద ఉన్న సర్వర్ మారిందని తెలియనే తెలియదు.

అది తెలియకుండా చూసేది ఒక ప్రోటోకాల్. ఏ బైటు ముందు పోవాలి, ఏది తర్వాత పోవాలి, ఎవరు ఎప్పుడు ఆగాలి, ఎవరు ఎప్పుడు మొదలవ్వాలి అని రెండు సర్వర్లు చేసుకునే ఒప్పందం. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఆ ఒప్పందాలు రాయడంలో, రాసినవాటిని సరిదిద్దడంలో, సరిదిద్దలేనివాటిని మోయడంలో గడిచింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు మెమరీని ఎంత వేగంగా పంపగలమన్న ప్రశ్న మీదే మనసు పెట్టడం చూస్తున్నాను. మా తరమూ అక్కడే మొదలుపెట్టింది. తరలింపులో మెమరీతో పాటు ఆ యంత్రం బాధ్యత కూడా చేతులు మారుతుందని, ప్రోటోకాల్ రాసేది ముఖ్యంగా ఆ రెండోదాని కోసమని మాకు ఆలస్యంగా అర్థమైంది. మీకు ముందే అర్థం కావాలని ఇది రాస్తున్నాను.

1. ఒక యంత్రం ఏ క్షణంలోనైనా ఒక్కచోటే బతకాలి.

తరలింపు చివరి ఘట్టంలో సోర్స్ సర్వర్ యంత్రాన్ని ఆపుతుంది. మిగిలిన మెమరీనీ, పరికరాల స్థితినీ పంపేస్తుంది. డెస్టినేషన్ అన్నీ అందుకుని, యంత్రాన్ని మేలుకొలిపి, ‘నడుపుతున్నాను’ అని జవాబిస్తుంది. ఆ జవాబు దారిలో పోతే ఏమిటి? సోర్స్ వైపు నుంచి చూస్తే, అవతల యంత్రం లేచి ఉండొచ్చు, లేవకపోయీ ఉండొచ్చు. రెండిట్లో ఏది నిజమో తేల్చే ఉపాయం దాని దగ్గర లేదు. కంప్యూటర్ శాస్త్రంలో దీన్ని ఇద్దరు సేనానుల సమస్య అంటారు. అక్కోయున్లు, ఏకనాథం, హ్యూబర్ 1975లోనే దీన్ని వివరించారు, 1978లో జిమ్ గ్రే డేటాబేసులపై రాసిన నోట్సుతో పేరు స్థిరపడింది. సందేశాలు పోయే అవకాశమున్న దారి మీద ఎన్ని రసీదులు ఇచ్చిపుచ్చుకున్నా ఇద్దరికీ సంపూర్ణ నిశ్చయం కలగదని అది నిరూపిస్తుంది.

మేము దాన్ని చదివే ఉన్నాం. అయినా మా మొదటి ప్రోటోకాల్‌లో, కొంత సమయం వరకు జవాబు రాకపోతే సోర్స్ తన యంత్రాన్ని తిరిగి నడిపించుకోవాలని నియమం పెట్టాం. ఆ నియమాన్ని సమీక్షలో ఒప్పుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఒక కస్టమర్ దగ్గర సరిగ్గా ఆ ఘట్టంలో నెట్‌వర్క్ స్విచ్ పడిపోయింది. డెస్టినేషన్ యంత్రాన్ని లేపింది. గడువు దాటాక సోర్స్ కూడా లేపింది. రెండూ ఒకే షేర్డ్ డిస్క్ మీద రాయడం మొదలుపెట్టాయి. ఫైల్ సిస్టమ్ కొద్ది నిమిషాల్లోనే చెడిపోయింది. బ్యాకప్ నుంచి యంత్రాన్ని తెచ్చుకోగలిగారు కానీ, ఆ రోజు లావాదేవీలు తిరిగి రాలేదు. వాటిని కాగితాల నుంచి మళ్లీ ఎక్కించిన గుమాస్తాల శ్రమ నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

ఒంటి లైను రైలు మార్గాల్లో వెనకటికి డ్రైవర్ చేతికి టోకెన్ ఇచ్చేవారు. టోకెన్ చేతిలో లేకుండా బండి ఆ సెక్షన్‌లోకి పోకూడదు. తరలింపులోనూ నడిపే హక్కు అలాంటి ఒక్క వస్తువుగా ఉండాలి. తర్వాత మేము ఆ వస్తువును డిస్క్ మీద ఉండే లాక్‌గా పెట్టాం. లాక్ దక్కనివాడు యంత్రాన్ని లేపడు, గడియారం ఏం చెప్పినా సరే. ‘మొదలుపెట్టు’ అన్న సందేశం పంపిన తర్వాత సోర్స్ తనంతట తాను యంత్రాన్ని తిరిగి నడపకూడదు. అవతలి సంగతి నిర్ధారణ అయ్యేదాకా ఆగి ఉండాలి. దీనివల్ల అరుదుగా ఒక యంత్రం ఎక్కడా నడవని పరిస్థితి వస్తుంది. రెండుచోట్ల నడవడం కంటే ఎక్కడా నడవకపోవడమే మేలు. ఆగిన యంత్రాన్ని మళ్లీ లేపవచ్చు, చెడిన డేటాను వెనక్కి తేలేం.

వర్చువల్ మెషిన్లను నిర్వహించే లిబ్‌వర్ట్ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల చరిత్ర చూడండి. వాళ్ల తొలి ప్రోటోకాల్‌లో సిద్ధపరచడం, జరపడం, ముగించడం అని మూడు దశలే ఉండేవి. 2011లో వచ్చిన మూడో వెర్షన్‌లో మొదట్లో ఒక దశ, చివర్లో ఒక దశ చేర్చి ఐదు చేశారు. చివరిదాని పేరు కన్ఫర్మ్. డెస్టినేషన్‌లో ఏమైందో తెలిశాకే సోర్స్ తన ప్రతిని తొలగించడమో, తిరిగి నడపడమో చేస్తుంది. కొత్త వెర్షన్‌లో అలాంటి దశను విడిగా చేర్చారంటే ఆ ఘట్టం బరువు ఎంతో గ్రహించండి.

2. కోడ్ రాసే ముందు కాగితం మీద లెక్క వేయండి.

యంత్రం నడుస్తుండగానే మెమరీని పంపి, ఆలోగా మారిన పేజీలను మళ్లీ పంపి, అలా చుట్లు వేస్తూ చివరికి మిగిలిన కొంచెం కోసం మాత్రమే ఆపడాన్ని ప్రీ-కాపీ అంటారు. ఇది వర్చువల్ మెషిన్ల కంటే ముందుది. 1985లో స్టాన్‌ఫర్డ్‌లో వి-సిస్టమ్ కోసం థైమర్, లాంట్జ్, చెరిటన్ దీన్ని ప్రోగ్రాముల తరలింపుకు వాడారు. 2005లో క్లార్క్ బృందం జెన్ హైపర్‌వైజర్ మీద చేసి చూపిన తరలింపులో, ఆటగాళ్లు ఆడుతున్న క్వేక్ 3 గేమ్ సర్వర్ దాదాపు 60 మిల్లీసెకన్లు మాత్రమే ఆగింది. అప్పట్లో ఆ అంకె చూసి మాలో చాలామందికి ఇక సమస్య తీరిపోయిందనిపించింది.

తీరలేదు. లెక్క చేయండి. 16 గిగాబైట్ల మెమరీ, ఒక గిగాబిట్ లింకు. ఆ లింకు మీద ఆచరణలో సెకనుకు సుమారు 110 మెగాబైట్లు పోతాయి. మొదటి చుట్టుకు రెండున్నర నిమిషాలు. గెస్ట్, అంటే తరలుతున్న వర్చువల్ మెషిన్, సెకనుకు 40 మెగాబైట్ల చొప్పున కొత్త పేజీలను మారుస్తోందనుకుందాం. రెండో చుట్టులో ఆరు గిగాబైట్ల లోపు, మూడోదాంట్లో రెండు పైచిలుకు, ఆ తర్వాత 800 మెగాబైట్లు, 290, 105, 38. ఆ తర్వాత మిగిలేది 14 మెగాబైట్లు. 300 మిల్లీసెకన్ల విరామం ఒప్పుకుంటే అందులో 33 మెగాబైట్లు పంపగలం కనుక అక్కడ యంత్రాన్ని ఆపవచ్చు. ఇప్పుడు 40 బదులు 120 పెట్టి చూడండి. ఎన్ని చుట్లు వేసినా మిగిలింది తగ్గదు. ఏ గొప్ప కోడూ ఈ లెక్కను మార్చదు.

నిజ జీవితంలో మారే పేజీలు సమానంగా పరుచుకుని ఉండవు. కొన్ని పేజీలు మాత్రం ఎడతెగకుండా మారుతూనే ఉంటాయి. క్లార్క్ పత్రం వాటిని విడిగా గుర్తించి, ముందు చుట్లలో పంపడం వృథా అని చెప్పింది. మీ గెస్ట్ ఏ పేజీలను ఎంత తరచుగా రాస్తోందో కొలవకుండా ప్రోటోకాల్ గురించి వాదించకండి. మేము కొలవకుండానే వాదించి చాలా కాలం పోగొట్టుకున్నాం.

3. ఎప్పుడు విరమించాలో చెప్పని ప్రోటోకాల్ అసంపూర్ణం.

పై లెక్క తెగని సందర్భాలు తప్పకుండా వస్తాయి. పెద్ద డేటాబేసులు, మెమరీలోనే అంతా ఉంచుకునే కాష్ సర్వర్లు, జావా చెత్త సేకరణ జరిగే సమయాలు. అప్పుడు మూడు దారులున్నాయి. తరలింపును రద్దు చేసుకోవడం ఒకటి. గెస్ట్ ప్రాసెసర్‌ను నెమ్మదింపజేసి పేజీలు మారే వేగం తగ్గించడం రెండోది. వర్చువల్ మెషిన్లను నడిపే క్యూఈఎంయూ సాఫ్ట్‌వేర్‌లో దీన్ని ఆటో-కన్వర్జ్ అంటారు, మొదట 20 శాతం కోత పెట్టి, సరిపోకపోతే పది పది చొప్పున 99 శాతం దాకా పెంచుతుంది. మూడోది పోస్ట్-కాపీ, దాని సంగతి తర్వాతి పాఠంలో.

ఈ మూడింట్లో ఏది ఎంచుకోవాలో యంత్రం యజమాని చెప్పాలి, ప్రోటోకాల్ రాసినవాళ్లు కాదు. 99 శాతం కోత పడిన గెస్ట్ నడుస్తున్నట్టు పట్టికలో కనిపిస్తుంది కానీ, దాన్ని వాడేవాళ్లకు అది చచ్చినట్టే. ‘డౌన్‌టైమ్ 300 మిల్లీసెకన్లే’ అని నివేదికలో రాసి, అంతకుముందు పది నిమిషాలు నత్తనడక నడిచిన సంగతి వదిలేయడం నాకు నిజాయితీగా అనిపించదు. వాడేవాళ్ల వైపు నుంచి కొలవండి.

4. వెనక్కి తిరగలేని గీత ఎక్కడుందో అందరికీ కనిపించాలి.

పోస్ట్-కాపీలో యంత్రం ముందుగానే డెస్టినేషన్‌లో లేస్తుంది. మెమరీ చాలావరకు ఇంకా సోర్స్ దగ్గరే ఉంటుంది. గెస్ట్ ఏ పేజీని ముట్టుకుంటే ఆ పేజీని అప్పటికప్పుడు అడిగి తెప్పిస్తారు. 2009లో హైన్స్, గోపాలన్ దీన్ని వర్చువల్ మెషిన్లకు చేసి చూపారు. లినక్స్ 4.3లో దీనికి కావలసిన యూజర్‌ఫాల్ట్‌ఎఫ్‌డీ సదుపాయం వచ్చాక, 2015 డిసెంబరులో వెలువడిన క్యూఈఎంయూ 2.5లో ఇది చేరింది. ప్రతి పేజీ ఒక్కసారే పోతుంది కనుక ఎంత ఉద్ధృతంగా రాసే గెస్ట్ అయినా తరలింపు ముగుస్తుంది. లెక్క పరంగా చూస్తే అందమైన పరిష్కారం.

కానీ దాని ధర తెలుసుకోండి. ప్రీ-కాపీలో చివరి క్షణం దాకా పూర్తి యంత్రం సోర్స్ దగ్గర భద్రంగా ఉంటుంది, లింకు తెగితే నష్టం లేదు. పోస్ట్-కాపీలో గీత దాటాక కొత్త నిజం డెస్టినేషన్‌లో, పాత నిజం సోర్స్‌లో, పూర్తి యంత్రం రెండుచోట్లా లేదు. లింకు తెగితే మొదట్లో యంత్రం పోయినట్టే. తెగిన లింకును మళ్లీ కలిపి, ఏ పేజీలు చేరాయో సరిచూసుకుని కొనసాగించే ఏర్పాటు 2018లో క్యూఈఎంయూ 3.0తో వచ్చింది. మధ్యలో ఉన్న ఆ రెండున్నరేళ్లు ఆ సదుపాయాన్ని వాడినవాళ్లు ఆ ప్రమాదాన్ని తలకెత్తుకునే వాడారు.

ఇంకొకటి. ప్రీ-కాపీకి ఒకవైపు పోయే ప్రవాహం చాలు, పోస్ట్-కాపీకి వెనక్కి మాట్లాడే దారి తప్పనిసరి. క్యూఈఎంయూ స్ట్రీమ్ మొదట ఒకవైపే పోయేలా రూపొందింది. ఫైల్‌లో దాచుకోవడానికీ, పైపు గుండా పంపడానికీ అది సౌకర్యం. రిటర్న్ పాత్ తర్వాత చేర్చారు. మీరు కొత్తగా రాస్తుంటే, అవసరం ఇవాళ లేకపోయినా, డెస్టినేషన్ నోరు విప్పి మాట్లాడే దారి మొదటే ఉంచండి.

5. గుర్తు, వెర్షన్, నిడివి లేకుండా ఏదీ తీగ మీదకు పంపకండి.

ఈ పాఠానికి జెన్ అనుభవాన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. జెన్ పాత తరలింపు స్ట్రీమ్‌లో తనెవరో చెప్పే గుర్తు లేదు, వెర్షన్ అంకె లేదు. కొన్ని అంకెల పరిమాణం, పంపే టూల్ 32 బిట్లదా 64 బిట్లదా అన్నదాన్ని బట్టి మారేది. ఒకే ఊళ్లో ఒకే రకం సర్వర్లున్నంత కాలం ఎవరికీ ఇబ్బంది లేదు. 32 బిట్ల నిర్వహణ వ్యవస్థ నుంచి 64 బిట్లకు మారాల్సిన రోజు వచ్చేసరికి, పాతది పంపిన స్ట్రీమ్‌ను కొత్తది చదవలేకపోయింది. చివరికి మొత్తం ఫార్మాట్‌ను మళ్లీ రూపొందించి, 2015లో జెన్ 4.6తో విడుదల చేశారు. పాత స్ట్రీమ్‌లను కొత్త రూపంలోకి మార్చడానికి విడిగా ఒక స్క్రిప్టు కూడా రాయాల్సి వచ్చింది.

ఆ కొత్త ఫార్మాట్ వివరణ పత్రం ప్రతి విద్యార్థీ చదవదగినది. మొదట గుర్తు, వెర్షన్, బైట్ల వరుసను తెలిపే బిట్టు. ఆ తర్వాత అన్నీ రికార్డులే. ప్రతి రికార్డుకూ రకం, నిడివి, తర్వాత సరుకు, ఎనిమిది బైట్ల హద్దుకు సరిపోయేలా నింపిన సున్నాలు. రకం అంకెలో పై బిట్టు పెట్టి ఉంటే ఆ రికార్డు ఐచ్ఛికం, అర్థం కాకపోతే దాటిపోవచ్చు. పెట్టి లేకపోతే తప్పనిసరి, అర్థం కాకపోతే ఆగిపోవాలి. ఈ ఒక్క బిట్టులో భవిష్యత్తు పట్ల ఎంత ముందుచూపుందో చూడండి. ఇంకా పుట్టని వెర్షన్ ఏం పంపుతుందో ఇవాళ్టి కోడ్‌కు తెలియదు, కానీ తెలియనిది ఎదురైతే ఏం చేయాలో తెలుసు.

క్యూఈఎంయూ స్ట్రీమ్‌కు గుర్తూ వెర్షనూ ఉన్నాయి, అంకెలన్నీ పెద్ద బైటు ముందు వచ్చే వరుసలోనే పోతాయి. అది మంచి నిర్ణయం. కానీ ఒక్కో పరికరం సెక్షన్‌కు నిడివి లేదు. అందువల్ల చదివేవాడు తనకు తెలియని సెక్షన్‌ను దాటిపోలేడు, ఒక పరికరం ఒక బైటు ఎక్కువ చదివితే తప్పు ఇంకెక్కడో బయటపడుతుంది. ఈ లోటు పూడ్చడానికి 2015లో ప్రతి సెక్షన్ చివరా ఒక ముగింపు గుర్తు చేర్చారు. అదే సంవత్సరం స్ట్రీమ్ చివర, అందులో ఏముందో వర్ణించే జేసన్ పాఠ్యం కూడా చేర్చారు. తెలివైనవాళ్లు, శ్రద్ధగలవాళ్లు చేసిన పని అది. అయినా మొదటి రోజు నాలుగు బైట్ల నిడివి పెట్టి ఉంటే వచ్చే సుఖాన్ని తర్వాతి అతుకులేవీ పూర్తిగా ఇవ్వలేకపోయాయి.

సి భాషలోని స్ట్రక్చర్‌ను మెమరీలో ఉన్నది ఉన్నట్టు పంపాలన్న ప్రలోభం మీకు కలుగుతుంది. కంపైలర్ మారితే మధ్య ఖాళీలు మారతాయి. ప్రాసెసర్ మారితే బైట్ల వరుస మారుతుంది. ప్రతి అంకె వెడల్పునూ, వరుసనూ మీ చేత్తో రాయండి.

6. ముందుకు వెళ్లిన యంత్రం వెనక్కి రావాల్సిన రోజు వస్తుంది.

కొత్త హైపర్‌వైజర్ వేసి యంత్రాలను దాని మీదకు తరలిస్తారు. రెండు రోజుల తర్వాత అందులో ఏదో దోషం కనిపిస్తుంది. పాతదానికి తిరిగి పోదామంటే యంత్రాలు రావు, ఎందుకంటే కొత్తది పంపే స్థితిలో పాతదానికి తెలియని అంకె ఒకటి చేరింది. ఆ రాత్రి ఆపరేషన్స్ గదిలో ఉన్నవాళ్లకు మీ ప్రోటోకాల్ మీద గౌరవం మిగలదు.

క్యూఈఎంయూ దీనికి కనిపెట్టిన ఉపాయం సబ్‌సెక్షన్. కొత్తగా చేర్చిన స్థితిని, ఆ క్షణంలో నిజంగా అవసరమైతేనే పంపుతారు. ఉదాహరణకు డిస్క్ కంట్రోలర్ మధ్యలో ఉన్న ఒక అరుదైన దశలో మాత్రమే కావాల్సిన సమాచారమైతే, మిగతా సమయాల్లో పాత రూపమే పోతుంది, పాత వెర్షన్ హాయిగా చదువుకుంటుంది. వెర్షన్ అంకె పెంచితే ఎప్పుడూ వెళ్లలేని దారి, ఇలా చేస్తే దాదాపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. దానితో పాటు గెస్ట్‌కు కనిపించే యంత్రం నమూనాకు కూడా వెర్షన్ ఉండాలి. కొత్త హోస్ట్ మీద నడిచినా, పుట్టినప్పటి నమూనాగానే గెస్ట్‌కు కనిపించాలి.

ఉదారంగా స్వీకరించమని పోస్టెల్ 1980లో ఇంటర్నెట్ ప్రోటోకాల్‌కు చెప్పిన మాటను మేము చాలాకాలం వేదంలా పట్టుకున్నాం. యంత్రం స్థితి విషయంలో అది ప్రమాదం. అర్థం కాని విలువను ఊహతో సరిపెట్టుకున్న డెస్టినేషన్ ఆ క్షణం గట్టెక్కుతుంది, గెస్ట్ వారం తర్వాత కూలుతుంది. 2023లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 9413 కూడా ఆ సూత్రం తెచ్చిన కీడును వివరంగా చర్చించింది. అనుమానం ఉంటే తరలింపును నిరాకరించడమే సరి. సోర్స్ దగ్గర యంత్రం క్షేమంగానే ఉంది కదా.

7. పంపనక్కరలేని పేజీని గుర్తించడమే అసలైన వేగం.

మెమరీలో సున్నాలు తప్ప ఏమీ లేని పేజీలు చాలా ఉంటాయి. 4096 బైట్లకు బదులు ఆ సంగతి చెప్పే చిన్న గుర్తు చాలు. మునుపు పంపిన పేజీలో కొద్ది బైట్లే మారితే తేడా మాత్రం పంపవచ్చు, క్యూఈఎంయూలో 2012 నుంచి ఆ సదుపాయం ఉంది. లింకు 10 గిగాబిట్లు దాటాక ఒక్క కనెక్షన్, ఒక్క ప్రాసెసర్ కోర్ దాన్ని నింపలేవు కాబట్టి అనేక కనెక్షన్ల మీద పేజీలను పంచుతారు.

ఇందులో ఒక హెచ్చరిక. 2013 ప్రాంతంలో క్యూఈఎంయూ అభివృద్ధిలో, మొదటి చుట్టులో సున్నా పేజీల గురించి అసలు ఏమీ చెప్పకుండా వదిలేద్దామని ఒక మార్పు చేశారు. డెస్టినేషన్ మెమరీ ఎలాగూ సున్నాలతోనే మొదలవుతుంది కదా అన్నది ఆలోచన. కానీ అక్కడ బయోస్ లాంటి రోమ్ ఇమేజీలు ముందే ఎక్కి ఉంటాయి. సోర్స్‌లో సున్నా అయిన చోట డెస్టినేషన్‌లో ఇంకేదో మిగిలిపోతుంది. మార్పును వెనక్కి తీసుకున్నారు. చెప్పకపోవడం వేరు, సున్నా అని చెప్పడం వేరు.

పేజీ చిరునామాలో కింది బిట్లు ఎప్పుడూ సున్నాలే కనుక వాటిలోనే సంకేతాలు దాచే పొదుపు కూడా క్యూఈఎంయూలో ఉంది. ఆ ఖాళీ ఇప్పుడు దాదాపు నిండిపోయింది, కొత్త సంకేతానికి చోటు వెతుక్కోవాలి. పేజీకి రెండు బైట్లు మిగిల్చుకోవడం కోసం తర్వాతి తరాన్ని ఇరుకులో పెట్టకండి.

8. వచ్చే ప్రతి బైటునూ పరాయిదిగానే చూడండి.

యంత్రం మెమరీలో పాస్‌వర్డులు, ప్రైవేట్ కీలు, జనం ఆరోగ్య వివరాలు అన్నీ ఉంటాయి. వాటిని ఏ రక్షణా లేకుండా తీగ మీద పరుగులెత్తించడం చాలాకాలం మామూలుగా సాగింది. లోపలి నెట్‌వర్కే కదా అన్న ధీమా. 2008లో ఒబర్‌హైడ్, కుక్, జహానియన్ మధ్యలో కూర్చుని, ప్రవహిస్తున్న మెమరీని మార్చి, గెస్ట్‌లో లాగిన్ తనిఖీనే పనిచేయకుండా చేసి చూపించారు. క్యూఈఎంయూలో తరలింపుకు టీఎల్‌ఎస్ 2016లో వచ్చింది. ఇవాళ కొత్తగా రాసేవాళ్లకు ఎన్‌క్రిప్షన్, ఇరువైపులా గుర్తింపు తనిఖీ లేకుండా మొదలుపెట్టడానికి ఏ సాకూ లేదు.

రెండో ముప్పు స్ట్రీమ్ లోపలే ఉంది. ‘ఈ పట్టికలో ఇన్ని అంశాలున్నాయి’ అని వచ్చిన అంకెను నమ్మి అన్ని అంశాలు చదివితే, అంకె అబద్ధమైనప్పుడు హైపర్‌వైజర్ మెమరీయే చెడిపోతుంది. ఇలాంటి దోషాలను క్యూఈఎంయూలో 2014లో పెద్ద వరుసగా పరికరం తర్వాత పరికరంలో సరిచేశారు. నిడివి, సూచిక, లెక్క ఏది వచ్చినా హద్దులు చూశాకే వాడండి.

టీసీపీ చెక్‌సమ్ ఉందిగా, డేటా చెడిపోదులే అనుకోకండి. అది 16 బిట్లదే. దాని కన్నుగప్పి పోయే చెడిన ప్యాకెట్లు ఉంటాయని, నిజమైన నెట్‌వర్కుల్లో కొలిచిన లెక్కల ఆధారంగా స్టోన్, పార్ట్రిడ్జ్ 2000లో అంచనా కట్టారు. వందల గిగాబైట్లు పంపేవాళ్లకు ఆ అరుదు అంత అరుదు కాదు.

9. మెమరీ చేరినంత మాత్రాన యంత్రం చేరినట్టు కాదు.

యంత్రం కొత్త చోట లేచింది, కానీ నెట్‌వర్క్ స్విచ్‌లకు అది ఇంకా పాత పోర్టు దగ్గరే ఉంది. లేచిన వెంటనే తన చిరునామాను ఒకటికి నాలుగుసార్లు ప్రకటించుకోవాలి, మొదటి ప్రకటన పోవచ్చు కనుక. గడియారం సంగతి చూడాలి, ఆగిన ఆ కొద్ది సమయాన్ని గెస్ట్ ఎలా లెక్కించాలో ముందే తేల్చుకోవాలి. ప్రాసెసర్ సంగతి మరీ ముఖ్యం. ప్రోగ్రాము మొదలైనప్పుడు ఒక్కసారి ప్రాసెసర్‌కు ఏ సూచనలు తెలుసో అడిగి గుర్తుపెట్టుకుంటుంది. ఆ సూచన లేని పాత ప్రాసెసర్ మీదకు తరలిస్తే మొదటి వాడకంలోనే చస్తుంది. అందుకే వీఎంవేర్ 2008లో ఈవీసీ తెచ్చింది, క్లస్టర్‌లోని అన్ని హోస్టులూ గెస్ట్‌కు ఒకే కనీస స్థాయి ప్రాసెసర్‌గా కనిపిస్తాయి. ఇవన్నీ మొదటి పేజీ పంపక ముందే రెండువైపులా మాట్లాడుకుని తేల్చుకోవాల్సిన విషయాలు. ముప్పై నిమిషాలు మెమరీ పంపి, చివర్లో ‘ఈ పరికరం నాకు లేదు’ అని చెప్పించుకోవడం అవమానం.

10. విఫలమైనప్పుడు కారణం చెప్పగలగాలి.

మా పాత ప్రోటోకాల్ విఫలమైతే సోర్స్ లాగ్‌లో కనెక్షన్ తెగిందని ఒక్క వాక్యం ఉండేది. అసలు కారణం డెస్టినేషన్ లాగ్‌లో ఎక్కడో ఉండేది, అది చూసే అధికారం ఆ రాత్రి డ్యూటీలో ఉన్న అమ్మాయికో అబ్బాయికో ఉండేది కాదు. వాళ్లు కారణం తెలియక మళ్లీ మళ్లీ ప్రయత్నించేవారు. ఏ పరికరం, ఏ రికార్డు, ఏ విలువ దగ్గర డెస్టినేషన్ ఆగిందో సోర్స్‌కు చెప్పి ఆగే ఏర్పాటు చేయడానికి పెద్ద శ్రమ ఉండదు. మేము దాన్ని తర్వాత చేద్దామని వాయిదా వేస్తూ పోయాం, అదే నాకు మిగిలిన పెద్ద విచారం.

ఈ పనిలోకి వస్తున్న మీకు ఒక్క విన్నపం. మీ ప్రోటోకాల్‌లో ఎన్ని సందేశాలున్నాయో వరుసగా రాసుకోండి. ప్రతి సందేశానికీ ముందు ఒకసారి, తర్వాత ఒకసారి లింకును తెంచి చూడండి. ప్రతిసారీ యంత్రం ఎక్కడ నడుస్తోంది, డిస్క్ లాక్ ఎవరి దగ్గరుంది, డ్యూటీలో ఉన్న మనిషికి ఏం కనిపిస్తోంది అన్న మూడు ప్రశ్నలకూ జవాబు రాయండి. ఆ పట్టికలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా విడుదలకు ఒప్పుకోకండి, పైనుంచి ఎవరు ఎంత తొందరపెట్టినా సరే.